పాత బకాయిలు యథాతథం

ఫిబ్రవరి 11

చెల్లీ,

అందరం బాగున్నామని మొదలుపెట్టడం మర్యాద కనక ఆ ముక్క రాసేశాను. ఇక అసలు సంగతి.

నువ్వు పంపిన పేపరు ముక్క నిన్న అందింది. "మన దేశం అప్పు రద్దుకు అంగీకారం" అన్న వాక్యం కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి, పక్కన "అక్కా, సాధించాం!" అని రాశావు. చదువుతుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు. పన్నెండేళ్ళుగా దేశాలకి అప్పులిచ్చే ఆ ఆఫీసులో నువ్వు చేసే పనేమిటో మీ బావకి ఒక్కసారీ సరిగ్గా చెప్పలేకపోయాను. నిన్న చెప్పాను. ఆయన రిటైరయ్యాక మొదటిసారి ఈల వేశారు.

మా కాన్పుల వార్డు గుమ్మం పక్కన రేట్ల బోర్డు ఉంటుంది, తెలుసుగా. మామూలు కాన్పుకింత, ఆపరేషనుకింత, మంచానికి రోజుకింత. కట్టలేనివాళ్ళని కట్టేదాకా గేటు దాటనివ్వరు. ఇప్పుడలా ఆగిపోయిన తల్లులు ఐదుగురు. పదకొండో నంబరు మంచం మీదున్న పిల్ల ఆపరేషనై యాభైమూడు రోజులు. మొగుడు మూటలు మోసే కూలి. ప్రతి ఆదివారం వచ్చి గేటు ఊచల్లోంచి బిడ్డని ముద్దాడి పోతాడు. ఆపినన్ని రోజులూ మంచం అద్దె పెరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు ఆపరేషను బాకీ కంటే ఆపినందుకు బాకీ ఎక్కువైంది.

నేను పేపరు ముక్క వార్డంతా వినపడేలా చదివి, స్టూలెక్కి, బోర్డు ఊడదీశాను. క్యాషియరు పరుగెత్తుకొచ్చాడు. "సర్క్యులర్ ఏదండీ?" అన్నాడు. "మా చెల్లెలు రాసింది" అన్నాను. "మీ చెల్లెలు సర్క్యులరా?" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. వాడి నోరు మూయించడానికి అసలు కాగితం ఒకటి వెంటనే పంపు.

స్టూలు దిగి రాస్తున్న,
నీ అక్క


ఫిబ్రవరి 26

అక్కా,

బోర్డు మళ్ళీ పెట్టెయ్. ఈ ఉత్తరం ఇక్కడే ఆపి, ముందు అది పెట్టేసి వచ్చి మిగతాది చదువు.

తప్పు నాదే. సంబరంలో సగమే రాశాను. ఇప్పుడు జరిగింది రద్దు కాదు. "మీకు రద్దు పొందే అర్హత ఉంది" అని తేల్చారు, అంతే. దీన్ని మొదటి గుమ్మం అనుకో. మన ప్రభుత్వం ఒప్పుకున్న పనులన్నీ చేసి చూపిస్తే రెండో గుమ్మం దగ్గర అసలు రద్దు. అప్పటిదాకా వాయిదాలు కట్టాల్సిందే. ఆరు నెలలు పట్టొచ్చు, రెండేళ్ళూ పట్టొచ్చు. నీకు తేలిగ్గా అర్థమవ్వాలని ఒక పట్టిక వేసి జత చేశాను.

ఇంకో మాట. దేశం అప్పు వేరు, ఆస్పత్రి రుసుము వేరు. అది తీరితే ఇది దానంతటదే పోదు. మధ్యలో బడ్జెట్టుంది, మంత్రివర్గముంది, బోలెడుంది.

బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? మీ మరిదికి మళ్ళీ నడుంనొప్పి.

చెల్లి


మార్చి 15

పట్టికల చెల్లెలికి,

బోర్డు పెట్టమని నువ్వు చెప్పక్కర్లేకపోయింది. నీ ఉత్తరం రాకముందే సూపరింటెండెంటు గారు దగ్గరుండి పెట్టించారు. నాకు మెమో ఇచ్చారు. ఇరవైఆరేళ్ళ నౌకరీలో మొదటి మెమో. ఆయన మంచి డాక్టరే పాపం. తలొంచుకునే ఇచ్చాడు.

మెమో సంగతి అలా ఉంచు. పదకొండో మంచం పిల్ల అడిగింది: "సిస్టరమ్మా, రద్దు కూడా రద్దయిపోయిందా?" ఏం చెప్పమంటావు? గుమ్మాలు రెండున్నాయమ్మా అని చెప్పనా? ఆ పిల్లకి ఒక్క గేటు దాటడమే గగనంగా ఉంది.

"నీకు తేలిగ్గా అర్థమవ్వాలని" అన్నావు. నాకు అర్థం కాకపోవడమేం లేదు. అరచేతిలో వైకుంఠం చూపించి ఇప్పుడు అరచెయ్యి ముడుచుకుంటున్నావు. మీరే కట్టి పంపెయ్యొచ్చుగా అంటావేమో, మొదట్లో ముగ్గురికి నా జీతంలోంచి కట్టాను. ఒకామెకి మీ బావ బస్సు డ్రైవరు పింఛను కరిగిపోయింది. జీతాలే మూడు నెలలకోసారి ముఖం చూపిస్తుంటే ఎందరికని కడతాం?

సూపరింటెండెంటు గారిని నిలదీశాను. "ఈ రేట్లు పెట్టమన్నదెవరండీ?" అని. ఆయన ఫైలు తీసి చూపించాడు. ఆస్పత్రి ఖర్చులో పాతిక శాతం రోగుల దగ్గర రాబట్టాలట. అప్పిచ్చినవాళ్ళ షరతట. అంటే మీ ఆఫీసే! ఆ పాతిక రాసిన మహానుభావుడెవరో కనుక్కుని చెప్పు. ఓ వారం మా వార్డులో కూర్చోబెడతాను. మర్యాదగానే. కుర్చీ కూడా వేస్తాను.

మాత్రలు వేసుకుంటున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు రెండు వేసుకున్నాను.

అక్క


ఏప్రిల్ 3

అక్కా,

కోపంలో రాశావని తెలుస్తూనే ఉంది. నీ కోపానికి నేనొక్కదాన్నే దొరికాను.

అది షరతు కాదు, సూచన. సూచనని షరతులా పట్టుకున్నది మన ఆరోగ్యశాఖ. ఎవరు రాశారంటే, ఇలాంటి కాగితాలు ఒక్కరు రాసేవి కావు, పది చేతులు పడతాయి. పాత సంగతి తవ్వి లాభం లేదు.

నీకు నిజంగా ఏదైనా చేయాలనుంటే లెక్కలు పంపు. కిందటేడు ఎంతమందిని ఆపారు, ఎన్నేసి రోజులు, అందులో ఎందరికి జబ్బు చేసింది. పేర్లొద్దు. కన్నీళ్ళు మా కాగితాల్లో పట్టవక్కా, అంకెలే పడతాయి. నిష్ఠూరంగా అనడం లేదు. ఉన్నమాట అంటున్నాను.

పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. ఉంటాను.

చెల్లి


మే 10

గౌరవనీయులైన అధికారిగారికి,

మొన్నటి పేపరు మొదటి పేజీలో ఆర్థికమంత్రి వెనకాల, ఎడమవైపు, బూడిదరంగు కోటులో నిలబడింది నువ్వే కదూ? మీ బావ కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "మన చిన్నదే" అన్నారు. తర్వాత ఆ పేపరు మడిచి దిండు కింద పెట్టేశారు, నేను చూడకూడదని. నేను అప్పటికే మా వార్డు పేపర్లో చూసేశానని ఆయనకి తెలీదు.

నాలుగు రోజులున్నావట రాజధానిలో. బస్సెక్కితే ఆరు గంటలు. ఆరేళ్ళయింది నిన్ను చూసి.

సరే. నువ్వడిగిన లెక్కలు. కిందటేడు ఆపినవాళ్ళు నూటపన్నెండు మంది. సగటున పంతొమ్మిది రోజులు. కుట్లు చీము పట్టినవాళ్ళు పద్నాలుగు మంది. రిజిస్టర్లోంచి మూడు మధ్యాహ్నాలు కూర్చుని తీశాను. సరిపోతుందా? ఇంకొక అంకె ఉంది. అది ఏ గడిలో వేసుకుంటావో నీ ఇష్టం.

కిందటి బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఇటుకబట్టీ నుంచి ఒకామెని తోపుడుబండి మీద తెచ్చారు. నొప్పులు మొదలై మూడో రోజు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. "మొదటిరోజే ఎందుకు తీసుకురాలేదు?" అని అత్తగారి మీద అరిచాను. ఆవిడ మెల్లగా అంది: "వద్దందమ్మా. పోతే గేటేస్తారు, ఇంట్లో పెద్దపిల్లలిద్దర్నీ ఎవరు చూస్తారు అంది. ఇక్కడెవరో నాలుగు నెల్ల నించి ఉండిపోయారంట కదా." మా పదకొండో మంచం సంగతి ఇటుకబట్టీ దాకా పాకింది. బిడ్డని బతికించాం. ఆడపిల్ల. తల్లిని బతికించలేకపోయాం. నా చేతుల్లోనే పోయింది.

తర్వాత క్యాషియరు బిల్లు పుస్తకం పట్టుకొచ్చాడు. నా ముఖం చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఇక రాయను.

అక్క


మే 29

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపి రాస్తున్నాను.

నేను రాలేకపోయింది పని వల్ల కాదు. మూడో రోజు మధ్యాహ్నం సెలవు దొరికింది. టికెట్ కొన్నాను. బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని రెండు బస్సులు వదిలేసి హోటలుకి తిరిగి వెళ్ళిపోయాను. నువ్వడుగుతావని భయం. ఎదురుగా నిలబడి అడిగితే అబద్ధం చెప్పలేను.

ఆ పాతిక రాసింది నేనే.

ఉద్యోగంలో చేరిన మొదటేడు. పెద్ద పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంది: "ఆస్పత్రి ఖర్చులో రోగుల నుంచి రాబట్టదగినది." మా ఆఫీసు పెద్దాయన విమానానికి టైమైపోతోందని గడియారం చూసుకుంటూ, "ఏదో ఒకటి వెయ్యమ్మా, తర్వాత సరిచూద్దాం" అన్నాడు. ఇంకో దేశం కాగితంలో పాతిక అని కనిపిస్తే అదే వేశాను. తర్వాత ఎవరూ సరిచూడలేదు. నేనూ మర్చిపోయాను. మార్చిలో నీ ఉత్తరం వచ్చాక పాత ఫైలు తెప్పించుకున్నాను. నా చేతిరాతే. ఆ రెండు అంకెలు చూశాక కూడా నీకు "పది చేతులు పడతాయి" అని రాశాను చూడు, దానికి నాకు సిగ్గుగా ఉంది.

మనుషుల్ని ఆపమని నేను రాయలేదు. కానీ లేనివాళ్ళ దగ్గర పాతిక ఎలా వస్తుందని ఒక్కసారీ అడగలేదు.

నీ లెక్కలు మా కమిటీ ముందు పెట్టాను. బుధవారం సంగతి కూడా రాశాను, అంకెగా కాదు, ఒక పేరాగా. తీసెయ్యమన్నారు. తియ్యనన్నాను. చివరికి కాన్పుల రుసుము ఎత్తెయ్యాలన్నది రెండో గుమ్మం షరతుల్లో చేర్చడానికి ఒప్పుకున్నారు.

దీంతో ఏదో సరిపోయిందని అనుకోవడం లేదు. ఏమైనా అను. అనకుండా మాత్రం ఉండకు.

చెల్లి


జూన్ 18

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. ఇప్పుడు జవాబు రాసే స్థితిలో లేను. మీ బావ కులాసా.

అక్క


ఆగస్టు 2

అక్కా,

జూన్ నాటి నీ రెండు ముక్కల తర్వాత రెండు ఉత్తరాలు రాశాను. నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. బావకి ఫోను చేస్తే "వార్డులో ఉందమ్మా" అంటారు. పొద్దున చేసినా వార్డే, సాయంత్రం చేసినా వార్డే. ఆయనకి అబద్ధమాడటం రాదు, గొంతులోనే తెలిసిపోతుంది.

అయినా ఈ కబురు నీకు ముందుగా నేనే చెప్పాలి. నిన్న సంతకాలయ్యాయి. రెండో గుమ్మం దాటాం. ఈసారి తొందరపడి రాయడం లేదు, కాగితం నా కళ్ళతో మూడుసార్లు చదివాను. మన దేశం కట్టాల్సిన పాత అప్పులో అధికభాగం రద్దు. ఈ పదిహేనో తారీకు నుంచి ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పుకి డబ్బు తీసుకోకూడదు. సర్క్యులర్ నకలు జత చేశాను, మీ క్యాషియరుకి చూపించు.

ఈసారి బోర్డు తీసెయ్యక్కా.

చెల్లి


ఆగస్టు 24

చెల్లీ,

నువ్వు మూడుసార్లు చదివిన కాగితం నేను నాలుగోసారి చదివాను. నాలుగో పేరా చూశావా? "ఆగస్టు పదిహేనుకు ముందున్న పాత బకాయిలు యథాతథంగా వసూలు చేయవలెను."

బోర్డు తీశాను. సూపరింటెండెంటు గారే స్టూలు పట్టుకున్నారు. అంతా చప్పట్లు కొట్టారు. తర్వాత నేను లోపలికొచ్చి, ఆగిపోయిన తొమ్మిదిమంది తల్లులతో చెప్పాల్సి వచ్చింది: ఇది కొత్తవాళ్ళకమ్మా, మీక్కాదు అని. పదకొండో మంచం పిల్ల కూతురికి ఎనిమిది నెలలు నిండాయి. ఆ బిడ్డ బోర్లాపడింది ఈ వార్డులోనే, పాకింది ఈ వార్డులోనే. తల్లి ఏడవలేదు, పోట్లాడలేదు. "ఇంతమంది పెద్దోళ్ళు కూర్చుని ఇంత పెద్ద దేశానికి మాఫీ చేశారు కదా సిస్టరమ్మా, మేం తొమ్మిదిమందిమే లెక్కకి ఎక్కువయ్యామా?" అంది.

శుక్రవారం, రోగుల్ని చూడ్డానికి బంధువులొచ్చే వేళకి, తొమ్మిదిమందిని బిడ్డల్ని ఎత్తుకోమన్నాను. గేటు చీటీలు నేనే రాశాను. ఒక్కో చీటీ మీద "బకాయి రద్దు" అని రాసి కింద నా సంతకం పెట్టాను. వాచ్‌మన్ చీటీలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది చెల్లుతుందామ్మా?" అన్నాడు. "నాకు తెలీదు, గేటు తియ్" అన్నాను. తీశాడు.

సూపరింటెండెంటు గారు వరండాలో ఎదురొచ్చారు. "రద్దు చేసే అధికారం నీకెక్కడిది?" అన్నారు. "బాకీ ఎవరికుంటే వాళ్ళే కదండీ మాఫీ చేయాలి? ఆ కాన్పులు చేసింది నేను. నాకు వాళ్ళ దగ్గర్నుంచి రావలసిందేమీ లేదు" అన్నాను. సాయంత్రానికి సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. పైనుంచి ఒత్తిడట.

వింతేమిటంటే, క్యాషియరు నా వెనకాలే వచ్చి లెడ్జరు తెరిచాడు. "ఆ తొమ్మిది పేర్ల మీదా గీత మీరే కొట్టండి. రూళ్ళకర్ర ఇస్తాను, తిన్నగా కొట్టండి, ఆడిటు వాళ్ళు వస్తారు" అన్నాడు.

విచారణ సెప్టెంబరు 20న. ఇంట్లో కూర్చోవడం నాకు చేతకావడం లేదు. మీ బావ కూరలు తరుగుతుంటే తప్పులు పడుతున్నాను.

ఉలుకూ పలుకూ లేదన్నావు కాబట్టి చెప్తున్నాను. జూన్‌లో రెండు ముక్కలతో సరిపెట్టి, తర్వాత రాయకపోవడం నీ మీద కోపమే. కొంత వరకు. మిగతాది, నీ ఉత్తరం చదివాక నా పేనా కదల్లేదు. నువ్వు పదో క్లాసు లెక్కల్లో వందకి వంద తెచ్చుకున్నప్పుడు వీధంతా చెప్పుకుని తిరిగింది నేనే కదా.

అక్క


సెప్టెంబరు 6

అక్కా,

నాలుగో పేరా చూడలేదు. మూడుసార్లూ చూడలేదు. మన ప్రభుత్వం చివర్లో కలిపిందట.

ఇరవయ్యో తారీకుకి వస్తున్నాను. మా ఆఫీసుని అనుమతి అడగలేదు. అడిగితే వద్దంటారు. వద్దన్నాక రావడం కంటే అడక్కుండా రావడం నయం.

ఈసారి బస్సు వదలను.

చెల్లి


అక్టోబరు 8

చెల్లీ,

నువ్వు విచారణ గదిలోకెళ్ళి, "ఆ పాతిక శాతం రాసింది నేను, దానికి ఆధారం లేదు, రోగుల్ని ఆపమని ఏ అప్పు కాగితంలోనూ లేదు" అని చెప్పి బయటికొచ్చేశావు. ఆ తర్వాత లోపలేం జరిగిందో నీకు తెలీదు. నువ్వా సాయంత్రమే బస్సెక్కాల్సి వచ్చింది.

విచారణాధికారి సూపరింటెండెంటు గారిని అడిగాడు: "అయితే ఎవరి ఆర్డరు మీద ఆపారండీ?" ఆయన ఫైళ్ళు తిరగేశారు. అరగంట తిరగేశారు. ఆ ఆర్డరు ఎక్కడా లేదు. పదేళ్ళ కిందట ఎవరో నోటిమాటగా చెప్పారట, అప్పట్నుంచి అలా నడిచిపోతోందట. నాకు కోపం కాదు, నవ్వొచ్చింది. నవ్వినందుకు కూడా రికార్డు చేసుకున్నారు.

నిన్న ఆర్డరొచ్చింది. ఉద్యోగం తిరిగి ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు కోశారు. ఆ తొమ్మిదిమంది జోలికి ఎవరూ వెళ్ళకూడదన్నారు. మిగతా ఆస్పత్రుల్లో నాలుగో పేరా సంగతి "పరిశీలనలో ఉంది"ట. ఆ మాటకి అర్థం నీకు బాగా తెలుసు, నువ్వే వెంటపడి తేల్చాలి. మీ ఆఫీసు నీకూ మెమో ఇచ్చిందని మీ మరిది, అదే, మీ ఆయన బావకి చెప్పారట. చూశావా, చిరాకులో వరసలు కూడా తప్పుతున్నాను. ఒక ఇంట్లో ఇద్దరికీ మెమోలు. మీ బావ మాత్రం ముప్పైఏళ్ళు బస్సు నడిపి ఒక్క మెమో తినలేదని మీసం దువ్వుతున్నారు.

ఇక వార్డు. డబ్బు తీసుకోవడం లేదనేసరికి జనం ఇరుక్కుంటున్నారు. మంచానికి ఇద్దరు. నర్సులు మాత్రం అప్పుడెందరో ఇప్పుడూ అందరే. గ్లవ్స్ నెల పదో తారీకుకల్లా అయిపోతున్నాయి. దేశానికి మిగిలిన డబ్బు ఏ గుమ్మం దగ్గర ఆగిందో కనుక్కో. ఊరికే అడగడం లేదు.

బస్సెక్కేముందు, "నన్ను క్షమించావా అక్కా?" అని అడిగావు. కండక్టరు విజిలేశాడు, నేను వినపడనట్టు ఊరుకున్నాను. వినపడింది.

రాజధాని దాకా వచ్చి నన్ను చూడకుండా వెళ్ళావే, అది నా బాకీ. దాన్ని కొట్టేశాను. మార్చిలో అడిగితే ఏప్రిల్‌లో దాటేశావే, అదీ నాదే. అదీ కొట్టేశాను. ఇటుకబట్టీ ఆమెది నాది కాదు. నాది కానిదాన్ని నేనెలా మాఫీ చెయ్యను?

వాళ్ళత్తగారు ఆ బట్టీ దగ్గరే గుడిసెలో ఉంటోంది. బిడ్డ బాగానే ఉంది, బరువు చూడ్డానికి వారంవారం వెళ్తున్నాను. నువ్వు మళ్ళీ వచ్చినప్పుడు తీసుకెళ్తాను. గుమ్మం దాకా తోడొస్తాను. నీ తరఫున నేను మాట్లాడను. ఆవిడ నిన్ను కూర్చోమంటుందో, పొమ్మంటుందో నాకు తెలీదు. ఏమన్నా వినాలి, మధ్యలో లెక్కలు చెప్పకూడదు.

తారీకు రాయి. నేను సెలవు పెట్టుకోవాలి.

అక్క